చిన్న కొలను మీది పైకప్పు

హాపలాహ్తి
1974 నవంబరు

అక్కకు,

నీ ఫోటో వేసిన పత్రిక అందింది. నువ్వు పంపిన ప్రతి నిన్న వచ్చింది కానీ, అంతకు ముందే ఊరంతా అందింది. రొట్టెల దుకాణంలో నువ్వే, పోస్టాఫీసులో నువ్వే. పళ్లడాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంటే ఎదురు గోడకు కూడా నువ్వే. "ఈవిడ మీ అక్కటగా!" అన్నాడాయన. ఆయన వేళ్లు నా నోట్లో ఉన్నాయి కాబట్టి ఔననే అవసరం తప్పింది.

అభినందనలు. ఏడాది మొత్తానికి మేలైన కట్టడమని దేశమంతా ఒప్పుకుని ఇచ్చే బహుమతి ఒక ఆడ ఇంజనీరుకు రావడం ఇదే మొదటిసారట. అదీ మా ఊరి ఈతకొలను భవనానికి. నేను ఇక్కడి పురపాలక కార్యాలయంలో కట్టడాల తనిఖీకి చేరేసరికే అది కట్టడం, తెరవడం, రిబ్బను కత్తిరించడం అన్నీ అయిపోయాయి. కాబట్టి నాకు అందులో మేకు కొట్టిన పుణ్యం కూడా లేదు. ఎవరైనా చూడ్డానికి వస్తే తిప్పి చూపించే పని మాత్రం నాదే. పిల్లల చిన్న కొలను దగ్గర, స్తంభం అన్నది లేకుండా అద్దాలు మూల తిరిగే చోటు ఉంది చూడు, అక్కడ అందరూ ఆగిపోతారు. "అబ్బ!" అంటారు. నేను వాళ్ల వెనక కోట్లు పట్టుకుని నిలబడతాను.

ఫోటోలో నీ కోటు బాగుంది. ఆ ఎరుపు నాకు నప్పదు.

ఇక్కడ మంచు మొదలైంది. మా ఆయన రేవులో పనికి చీకటితో వెళ్లి చీకటితో వస్తున్నారు. ఔలి తిన్నగా తేలడం నేర్చుకుంది. "పెద్దమ్మ కొలనులో నేర్చుకున్నా" అని బడిలో చెప్పుకుంటోంది.

నీ చెల్లెలు,
ఇర్మెలి


హెల్సింకి
నవంబరు చివర

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి తెగ నవ్వాను. పళ్లడాక్టరు ముక్క మా ఎలియెల్‌కి కూడా చదివి వినిపించాను. నా భాగస్వామి నవ్వడం మా ఆఫీసులో పెద్ద విశేషమే.

ఇక్కడ ఊపిరాడటం లేదు. నీ ఊరి నమూనాలోనే కల్లియోసారిలోనూ పెల్టోయోకిలోనూ ఈతకొలనులు లేచాయి, ఇంకో ఊరు అడుగుతోంది. అన్నిటికన్నా పెద్దది, నగరానికి కొత్త సంగీత భవనం. పోటీలో ఇక మిగిలింది మేమూ ఇంకొకరూ. ఫిబ్రవరిలో తేలుతుంది. ఎవరితోనూ అనకు.

ఇంకో సంగతి. సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు చివరి ఏడాది పిల్లలకు ఇంజనీరు ధర్మం గురించి ఉపన్యాసాలు ఇవ్వమన్నారు. నన్ను! మొదటిది రాసి దీనితో పంపుతున్నాను. నేను మూడు తూనికలు పెట్టాను. పని వల్ల ఎవరికెంత మేలు, ఎవరికెంత కీడు అని చూడటం ఒకటి. ఫలితం ఎలా ఉన్నా చేయవలసింది చేయడం రెండోది. ఈ పని చేస్తే నేను ఎలాంటి మనిషినవుతాను అని అడుక్కోవడం మూడోది. నిజమైన చిక్కులో మూడూ మూడు వైపులకు లాగుతాయని పిల్లలకు చెప్పాలి.

చదివి నీకు తోచింది రాయి. గ్యారేజీలకూ గోదాములకూ అనుమతులు రాసి రాసి నీ బుర్ర మొద్దుబారిపోలేదనే నా నమ్మకం.

ఔలికి ముద్దులు. ఆ కోటు నీకు ఎందుకు నప్పదు? ఒకసారి వేసుకుని చూస్తే కదా.

టెల్లెర్వో


హాపలాహ్తి
డిసెంబరు

అక్కా,

ఉపన్యాసం చదివాను. బాగుంది. ఈ "బాగుంది" అన్న ముక్క రాయడానికి నాకు ఒక పూట పట్టింది.

ఒక్కటే లోటు. నీ ఉదాహరణలన్నిట్లోనూ డబ్బుకు ఆశపడే యజమాని ఒకడుంటాడు, నిజాయితీగల ఇంజనీరు ఒకడుంటాడు. కుళ్లంతా ఎదుటివాడిది. కుళ్లు ఇంజనీరు మనసులోనే ఉంటే ఏం చేయాలో నువ్వు రాయలేదు. నాకు కావలసింది ఆ పేజీ.

ఎందుకో చెబుతాను. దీని గురించి ఫోన్ చేయకు. నీ గొంతు వింటే నేను చిన్నప్పటినుంచీ తలూపేస్తాను. కాగితం మీదైతే ఊపను.

చిన్న కొలను పక్క అద్దాల తలుపు మంచు పడ్డాక పట్టేస్తోందని ఈత నేర్పే హిల్కా గొడవపెట్టింది. వేసవిలో వేలితో తోస్తే తెరుచుకునే తలుపు అది. చలికి చెక్క బిగుసుకుందేమోనని చూడబోయాను. చెక్క కాదు. పైనున్న దూలం కిందికి వంగి తలుపును నొక్కుతోంది.

అప్పుడు మీ ఆఫీసు లెక్కలు తీయించాను. పెద్ద కొలను మీది ఎత్తు కప్పుకూ, చిన్న కొలను మీది పొట్టి కప్పుకూ మంచు ఒకే మందంలో పడుతుందని లెక్క కట్టారు. అక్కా, మా ఊళ్లో గాలి సముద్రం మీదనుంచి వస్తుంది. ఎత్తు కప్పు మీది మంచునంతా ఊడ్చుకొచ్చి గోడ పక్కనున్న పొట్టి కప్పు మీద పోస్తుంది. నిచ్చెన వేసి ఎక్కి చూశాను. పైన నున్నగా తుడిచినట్టుంది. కింద నా నడుము దాకా ఉంది. ఇంకా జనవరి రాలేదు. ఆ బరువుకు లెక్క వేశాను. దూలాలు చాలవు. నడుమ ఒక్క స్తంభం ఉన్నా చాలేవేమో. ఆ స్తంభం లేకపోవడానికే నీకు బహుమతి ఇచ్చారు.

ఇక అసలు మాట. లెక్క తేలగానే నాకు ముందు కలిగింది భయం కాదు. సంతోషం. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను. ఔలి వచ్చి, "ఎందుకమ్మా నవ్వుతున్నావ్?" అంది. దాని తల తడిగా ఉంది. అప్పుడే ఆ కొలనునుంచి వచ్చింది. భయం అప్పుడొచ్చింది.

నా లెక్క దీనితో పెట్టాను. తప్పెక్కడుందో చూపించు. తప్పు ఉండాలని నా మనసులో సగం కోరుకుంటోంది. సగమే.

ఇర్మెలి


హెల్సింకి
క్రిస్మస్ ముందు

ఇర్మెలీ,

నువ్వు తప్పు కోసం వెతికావు. వెతికేవాళ్లకు దొరక్కుండా ఎలా ఉంటుంది?

నిబంధనల పుస్తకం నేను రాయలేదు. మంచు సమంగా పరుచుకుందని లెక్కకట్టమని అందులో ఉంది, మేం కట్టాం. నీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన చూసి సంతకం పెట్టాడు. ఆ కప్పు ఇప్పటికే రెండు చలికాలాలు మోసింది. చెక్క దూలం వంగుతుంది, తర్వాత లేస్తుంది. దాని గుణం అది. తలుపు పట్టేసిందని భవనం కూలుతుందనుకుంటే ఈ దేశంలో ఒక్క ఇంట్లోనూ కాపురం ఉండలేం.

నా తూనికలే అడిగావు కాబట్టి వాటితోనే చెబుతాను. నువ్వు ఆ కొలను మూసేస్తే ఆ ఊరి పిల్లలు ఈ ఏడాది ఈత నేర్చుకోరు. సముద్రం పక్క ఊరు. ఏటా వేసవిలో పడవ బోల్తాపడి ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. ఆ ప్రాణాలు నీ లెక్కలో ఎక్కడున్నాయి? కూలుతుందో లేదో తెలియని కప్పును ఒక పక్కన పెట్టి, ఖాయంగా మునిగే పిల్లలను రెండో పక్కన పెట్టు.

ఇక నీ సంతోషం సంగతి. దాని గురించి అంత వివరంగా రాశావు, పైగా అది నిజాయితీ అనుకుంటున్నావు. నేను స్కేటింగ్‌లో కాలు విరగ్గొట్టుకున్నప్పుడు కూడా నీ కళ్లలో అదే వెలుగు చూశాను. నేను పడాలని నీకు ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు దానికి ఇంజనీరు ధర్మం అని పేరు పెట్టావు. ఆ మనసుతో చేసే పని ఏ తూనికలో తూగుతుందో నువ్వే చెప్పు.

ఫిబ్రవరి దాకా ఆగు. సంగీత భవనం సంగతి తేలనీ. ఆ తర్వాత ఎవరికీ తెలియకుండా వేసవిలో దూలాలు గట్టిపరుద్దాం. ఇది అక్కగా అడుగుతున్నాను.

టెల్లెర్వో


హాపలాహ్తి
1975 జనవరి

అక్కా,

మూసేశాను.

నీ ఉత్తరం చదివాక నేను నిజంగానే ఆగాను. నీ మాట నమ్మి కాదు, నన్ను నేను నమ్మక. నీ మీద అసూయతో చేస్తున్నానా, ధర్మమని చేస్తున్నానా అని పండుగ రోజులంతా నా మనసును తిప్పి తిప్పి చూసుకున్నాను. సౌనా ఆవిరిగదిలో కూర్చున్నా అదే, బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నా అదే. ఔలిని మాత్రం జలుబు వంక పెట్టి ఈతకు పంపలేదు.

ఒకరోజు అది కిటికీ దగ్గర నిలబడి, "అందరూ వెళ్తున్నారమ్మా, నన్నొక్కదాన్నే ఎందుకు ఆపావ్?" అని అడిగింది. నా కూతురు ఆ కప్పు కింద ఉండకూడదు, మిగతావాళ్ల పిల్లలు ఉండొచ్చు. నా మనసు శుభ్రమయ్యేదాకా నేను కడుక్కుంటూ కూర్చుంటే, అన్నాళ్లూ వాళ్లు అక్కడ ఈదుతున్నారు. అసూయ లేని మనిషి నా కుర్చీలో ఉంటే ఏం చేసేది అని అడుక్కున్నాను. తలుపు చూసిన రోజే మూసేసేది. కోటు వేసుకుని బయల్దేరాను. పడమటి గాలి కొడుతోంది. హిల్కా ఈలలు వేస్తూ పిల్లల్ని వరసలో నిలబెట్టింది.

"అందర్నీ బయటికి పంపు" అన్నాను.

"ఎక్కడ ఈదించమంటావ్? మీ ఇంట్లో తొట్టిలోనా?" అంది. అన్నా కూడా పంపింది. పాపం, పిల్లలు తడి తలల మీద ఉన్ని టోపీలు లాక్కుంటూ నన్ను కొరకొరా చూశారు.

ఆ సాయంత్రమే సభ పెట్టారు. పురసంఘం అధ్యక్షుడు కంగస్ గురించి నీకు తెలుసు కదా, నీ పక్కన నిలబడి రిబ్బను కత్తిరించినాయన. ఆయన బల్ల మీద వేళ్లతో కొడుతూ అడిగాడు.

"కూలిందా అమ్మా?"

"లేదండీ."

"చీలిందా?"

"ఇంకా లేదు."

"మరి?"

"కూలాక చెప్పడానికైతే నేనెందుకండీ, ఎవరైనా చెబుతారు."

వెనక బల్లనుంచి ఎవరో, "అక్కకు బహుమతొచ్చిందని కడుపుమంట!" అన్నారు. సభంతా నవ్వింది. నువ్వుంటే నువ్వూ నవ్వేదానివి.

"కడుపుమంటే" అన్నాను. "ఔనండీ. మంట సంగతి నేను చూసుకుంటాను. మంచు సంగతి మీరు చూడండి."

నవ్వు ఆగింది కానీ ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. మూసే అధికారం నాకుంది కాబట్టి మూసివేత నిలిచింది. కప్పు మీది మంచు దించారు. దూలం కొంచెం లేచింది, తలుపు తెరుచుకుంది. ఏమీ జరగలేదు. "చూశావా, ఏమీ జరగలేదు" అని రొట్టెల దుకాణంలో నాకు రోజూ చెబుతున్నారు. మునిగిపోయే పిల్లల గురించి రాశావు, అది నాకు నిద్రలో కూడా వినబడుతోంది. అందుకని పెద్ద కొలనులో లోతు తక్కువ వైపు తాడు కట్టించి హిల్కాకు ఇచ్చాను. ఇరుకే. కానీ ఆ కప్పు గట్టిది, అది చూసే ఇచ్చాను.

ఇప్పుడు చెప్పేది సరిగ్గా విను. కల్లియోసారి, పెల్టోయోకి నా చేతిలో లేవు. ఆ ఊళ్లకు నేను రాస్తే అది కడుపుమంట చెల్లెలు రాసిన ఉత్తరం. చెత్తబుట్టలో వేస్తారు. నువ్వు రాస్తే ఆ పూటే తలుపులు మూస్తారు. ఇది చేరిన వారంలో నువ్వు చెప్పకపోతే, చెత్తబుట్టలో వేసినా సరే, నేనే రాస్తాను.

ఇర్మెలి


హెల్సింకి
జనవరి

ఇర్మెలికి,

బెదిరింపు అందింది. గడువు కూడా పెట్టావు, సంతోషం. ఇకమీదట చెప్పవలసినవి మా ఆఫీసు చిరునామాకు రాయి. వాటికి ఎలియెల్ జవాబిస్తాడు.

టెల్లెర్వో


కల్లియోసారి, ప్రయాణికుల బస
జనవరి చివర

ఇర్మెలీ,

నీ లెక్క తప్పు. గాలి వాలు నువ్వు తీసుకున్న తీరు సరికాదు. సరిచేస్తే బరువు నువ్వు చెప్పినదానికంటే ఎక్కువే వస్తుంది.

నిన్ను తప్పని నిరూపించడానికే కూర్చున్నాను. ఎలియెల్ వచ్చి భుజం మీదుగా చూసి, "ఆ కాగితం మూసెయ్. పుస్తకం మన వైపుంది" అన్నాడు. "పుస్తకం కప్పు కింద ఈదడం లేదు" అన్నాను. అప్పటికి అది పౌరుషానికి అన్న మాటే. పెల్టోయోకికి ఫోన్ చేశాను. అది అడవి నడుమ ఉన్న ఊరు, గాలి తక్కువ. అయినా చిన్న కొలను మూస్తామన్నారు. కల్లియోసారికి ఎందుకో ఫోన్ చేయలేకపోయాను. చుట్టూ సరస్సు, అడ్డులేని గాలి. రైలెక్కాను.

తలుపు ఇక్కడా పట్టేసింది. నన్ను గుర్తుపట్టి కాఫీ, యాలకుల బన్నూ తెచ్చారు. పత్రికలోని ఫోటో గోడకు తగిలించి ఉంది. నేను నిచ్చెన అడిగి లోపలి పలకలు విప్పించి చూశాను. గోడమీద ఆనుకునే చోట దూలం నిలువునా చీలింది. చీలికలోకి నా వేళ్లు దూరాయి. కింద చూస్తే పిల్లలు నీళ్లు చిమ్ముకుంటున్నారు. అందులో ఒకతె నాకు చెయ్యి ఊపింది.

నిచ్చెన మీదనుంచే అరిచాను. "బయటికి! అందరూ బయటికి!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. బయట మంచులో నిలబడి ఆ ఊరి పెద్దలతో, ఇది నా తప్పు, మీది కాదు, పుస్తకానిది కాదు అన్నాను. మూడు తూనికలూ గుర్తు రాలేదు. చీలికలో దూరిన నా వేళ్లే గుర్తున్నాయి.

సంగీత భవనం పోటీనుంచి తప్పుకుంటాం. ఎలియెల్ నాతో మాట్లాడటం లేదు. బహుమతి వెనక్కి పంపుతున్నాను.

అక్క


హాపలాహ్తి
మార్చి

అక్కా,

కల్లియోసారి ఉత్తరం వచ్చినప్పుడు నేను ఏడ్చాను. అది నువ్వు నమ్మాలి. ఎందుకంటే ఇప్పుడు రాయబోయేది వేరు.

పత్రికలు వచ్చాయి. మళ్లీ రొట్టెల దుకాణం, మళ్లీ పోస్టాఫీసు. "తన తప్పు తానే చాటిన మహా ఇంజనీరు." ఉపన్యాసంలో నువ్వు జరిగిందంతా చెప్పాక పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. నువ్వు పంపేసిన బహుమతిని వాళ్లు తిరిగి తీసుకోం, అది నీదే అన్నారట. కంగస్ నన్ను దారిలో ఆపి, "ఎంత గొప్ప మనిషమ్మా మీ అక్క!" అన్నాడు.

"మరి నేనండీ?" అని నోరు జారాను.

"నువ్వా? నువ్వు తలుపులు మూశావు కదా" అన్నాడు. నిజంగానే అర్థంకాక అన్నాడు.

అక్కా, నువ్వు ఒప్పు చేసినా నీదే గెలుపు, తప్పు చేసినా నీదే గెలుపు. పిల్లలు బతికారు, అంతకన్నా ఏం కావాలి అని రోజూ చెప్పుకుంటున్నాను. రోజూ చెప్పుకోవలసి వస్తోంది, అదీ బాధ.

పత్రికలో ఒక వాక్యం ఉంది. "పురపాలక సిబ్బందిలో ఒకరు సూచించగా" అని. ఆ ఒకరు నేనేనా? ఆ మాట వాళ్లు రాసిందా, నువ్వు చెప్పిందా?

ఇర్మెలి


హెల్సింకి
మార్చి

చెల్లాయ్,

నేను చెప్పిందే.

విలేకరి అడిగాడు, "ముందు ఎవరు కనిపెట్టారు?" అని. ఉపన్యాసంలో ఒక కుర్రవాడూ అడిగాడు. నీ పేరు నాలుక దాకా వచ్చింది. రెండుసార్లూ మింగేశాను.

సంగీత భవనం పోయింది, వదులుకున్నాను. భాగస్వామి పోతున్నాడు, పోనిచ్చాను. బహుమతి పంపేశాను. ఇవన్నీ చేయగలిగినదాన్ని, "మా చెల్లెలు కనిపెట్టింది, నేను కాదు" అన్న ఒక్క ముక్క అనలేకపోయాను. నువ్వు ఒంటరిగా, మెచ్చుకునేవాళ్లు ఒక్కరూ లేకుండా, నవ్వుతున్న సభలో నిలబడి చేశావు. నేను చీలికలో వేళ్లు పెట్టాక చేశాను. వేళ్లు దూరకపోతే చేసేదాన్నా? తెలియదు. నీ గురించి ఆ ప్రశ్న ఎవరూ అడగక్కర్లేదు.

దాన్ని ఏమంటారో నీకు బాగా తెలుసు. నాకు కొత్త. కడుపులో మంటే. నువ్వు రోజూ దీనితో లేచి, రొట్టె కోసి, పనికి ఎలా వెళ్తున్నావో నాకు అర్థం కావడం లేదు.

టెల్లెర్వో


హాపలాహ్తి
ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ రెండో పేరా దాకానే. ఆ తర్వాత కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని మళ్లీ మొదటినుంచి చదివాను. మా ఆయన "ఏం వచ్చింది, లాటరీనా?" అన్నారు. నీకు నా మీద అసూయట! దాచడం ఎందుకు, ఈ నాలుగు రోజులూ నేను వీధిలో నడిచిన తీరే వేరు.

ఎలా లేస్తున్నావు అని అడిగావు. ఏమీ లేదు, లేవడమే. అది మనకంటే ముందే లేచి కూర్చుంటుంది. రొట్టె కోసేటప్పుడు పక్కనే ఉంటుంది. కత్తి మాత్రం దాని చేతికి ఇవ్వకూడదు. నాకు తెలిసిన ఇంజనీరు ధర్మం అంతే.

మంచు కరిగింది. నీ కొత్త పటాలు వచ్చాయి. చిన్న కొలను దగ్గర రెండు స్తంభాలు పెట్టావు. ఇక అక్కడ ఎవరూ "అబ్బ" అనరు. ఆమోదానికి నా బల్ల మీదికే వచ్చాయి. నీ లెక్క మొదటినుంచి నేనే మళ్లీ వేస్తున్నాను. సొంత అక్కది నేనొక్కదాన్నే చూడటం సరికాదు కాబట్టి పక్క ఊరి తనిఖీ అధికారిని కూడా చూడమన్నాను. ఒకచోట నాకు సందేహం ఉంది. ఆఫీసు చిరునామాకే రాస్తాను, భయపడకు.

వచ్చే వారం నీ రెండో ఉపన్యాసం అని రాసి ఉంది పత్రికలో. ఆ కుర్రవాడు మళ్లీ వస్తాడు. అడక్కపోయినా చెప్పు. గట్టిగా, వెనక బల్లకు వినపడేలా. "కనిపెట్టింది ఇర్మెలి, హాపలాహ్తి తనిఖీ ఇంజనీరు" అను. కాస్త ఆగి, గుక్క తిప్పుకుని, "మా చెల్లెలు" అను.

ఆ వరసలోనే అనాలి అక్కా. ముందు పేరు. తర్వాత చుట్టరికం.

ఇర్మెలి